అంకె రాయకండి, సగటు తీయకండి: కొల్లేటి లెక్కల పేజీకి తలకిందుల సలహాలు

గణాంకాల పత్రం రాయడం నేర్పమని ఎవరొచ్చినా నేను ముందు చెప్పేది ఒకటే. అందులో ఒక్క అంకె కూడా రాయకండి.

ఏలూరులో డిగ్రీ చదివే పిల్లలకీ, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదివే పిల్లలకీ, చేపల చెరువుల మీద బతికే మా చుట్టాల పిల్లలకీ ఇదే చెప్పాను. "అంకెలు లేకుండా గణాంకాలేంటి మాస్టారూ!" అని తెల్లబోయారు. ఆ తర్వాత డేటా శుభ్రం చేయొద్దన్నాను. సగటు తీయొద్దన్నాను. మీటలు పీకేయమన్నాను. పటం గీయొద్దన్నాను. వినగానే ఇవన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. అయినా మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. ఒక్కో సలహా వెనక ఒక్కో దెబ్బ ఉంది. కొన్ని నేను తిన్నవి, కొన్ని లోకం తిన్నవి.

ముందు ఆ పత్రం ఏమిటో చెప్పాలి. మామూలుగా మనం నివేదిక ఎలా తయారు చేస్తాం? ఎక్సెల్‌లో లెక్క కడతాం, వచ్చిన అంకెను వర్డ్‌లోకి ఎత్తుతాం, గ్రాఫును ఫొటోలా అతికిస్తాం, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపిస్తాం. లెక్క ఒకచోట, మాట ఇంకోచోట. నెల తిరిగి డేటా మారితే లెక్క మారుతుంది, మాట మాత్రం పాత అంకెనే పట్టుకుని కూర్చుంటుంది. ఈ జబ్బుకు మందుగా వచ్చిందే లెక్కను కడుపులో పెట్టుకున్న వెబ్ పత్రం. ఒకే ఫైలులో వాక్యాలు ఉంటాయి, వాటి మధ్య ఆర్ భాషలోనో పైథాన్‌లోనో లెక్క కట్టే తునకలు ఉంటాయి. ఫైలును నడిపితే అంకెలూ గ్రాఫులూ వాటంతటవే వాటి చోట్లలో కూర్చుని వెబ్ పేజీ తయారవుతుంది. చదివేవాళ్లు ఒక మీట జరిపితే అక్కడికక్కడే లెక్క మళ్లీ కట్టి చూపించేలా కూడా చేయొచ్చు.

ప్రోగ్రామును మనిషి చదివే వ్యాసంలా రాయాలని డొనాల్డ్ నూత్ 1984లో వాదించాడు. ఆయన సాధనంలో వ్యాసాన్ని తయారు చేసే భాగం పేరు వీవ్, అంటే నేత. 2002లో ఫ్రీడ్రిష్ లైష్ ఆ పద్ధతిని ఆర్ భాషకు తెచ్చి ఎస్‌వీవ్ అని పేరు పెట్టాడు. దాని తర్వాత యిహుయి షీ రాసినది నిట్ఆర్, అదేమో అల్లిక. ఆర్ వాళ్లూ పైథాన్ వాళ్లూ కలిసి వాడుకోగల క్వార్టో 2022లో వచ్చింది, జూపిటర్ నోట్‌బుక్కులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. మొదటి పేర్లన్నీ నేతపని పేర్లే కావడం నాకు ఇష్టం. తివాచీలు నేసిన ఊరు మన ఏలూరు. చేతిముడుల తివాచీ కొనేటప్పుడు తెలిసినవాళ్లు పైన పువ్వులు చూసి ఊరుకోరు, తిరగేసి వెనక ముడులు చూస్తారు. మీ పత్రాన్ని తిరగేసినా ముడులు కనబడాలి. నా సలహాలన్నీ ఆ వెనకవైపు గురించే.

అంకె రాయకండి

కొన్నేళ్ల కిందట చెరువుల మీద ఓ చిన్న నివేదిక రాశాను. మొత్తం 14 చెరువులు. అచ్చుకు ఇచ్చే ముందు రోజు రెండు చెరువుల కొలతలు నమ్మదగ్గవి కావని తేలి వాటిని పట్టికలోంచి తీసేశాను. పట్టికలో 12 మిగిలాయి. మొదటి పేజీ వాక్యంలో 14 అలాగే ఉండిపోయింది. చివరి పేజీలో సగటు దిగుబడి కూడా 14 చెరువులదే. సభలో ఓ పెద్ద రైతు లేచి, "ఇందులో ఏది నిజమండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ పూట ఆయన నా మిగతా అంకెలు కూడా నమ్మలేదు. నమ్మకపోవడమే సబబు.

ఇది నా ఒక్కడి తిప్పలు అనుకోకండి. కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే పేరున్న ఆర్థికవేత్తలు దేశాల అప్పుల మీద 2010లో ఒక పత్రం వెలువరించారు. ప్రభుత్వాలు ఖర్చులు తగ్గించుకోవాలని వాదించినవాళ్లు దాన్ని ప్రపంచమంతా చూపించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్ల ఎక్సెల్ ఫైలు తెప్పించుకుని చూస్తే, 20 దేశాలకు తీయాల్సిన సగటు ఫార్ములా 15 వరుసల దగ్గరే ఆగిపోయి ఉంది. ఐదు దేశాలు లెక్కలోకి రాలేదు. ఆ పత్రంలో ఇంకా వేరే అభ్యంతరాలూ ఉన్నాయి గానీ, ఈ ఒక్కటీ మూడేళ్లు ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఒకటే. అచ్చులో అంకె ఉంది, ఆ అంకె పుట్టిన చోటు లేదు.

అందుకే వాక్యంలో అంకె రావాల్సిన చోట అంకెను పుట్టించే చిన్న లెక్కను రాయండి. క్వార్టోలో వాక్యం మధ్యలోనే రెండు బ్యాక్‌టిక్కుల నడుమ "పట్టికలో ఎన్ని వరుసలున్నాయో అది" అని ఆర్‌కు చెప్పొచ్చు. పేజీ నేసినప్పుడు అక్కడ 12 వచ్చి కూర్చుంటుంది. రేపు ఒక చెరువు తీసేస్తే 11 అవుతుంది, మీరు మర్చిపోయినా సరే. ఎకరాలను హెక్టార్లు చేయడం కూడా ఫైలే చేయాలి, మీ వేలు కాదు. కొల్లేరు సరస్సు ప్రాంతంలో రైతు ఎకరాల్లో చెబుతాడు, అటవీశాఖ హెక్టార్లలో రాస్తుంది, సముద్రమట్టం నుంచి ఎత్తు అడుగుల్లో ఉంటుంది, ఉపగ్రహం మీటర్లలో ఇస్తుంది. ఈ నాలుగింటి మధ్య చేత్తో తిరిగినవాడు ఎక్కడో ఒకచోట జారతాడు.

చేత్తో రాయదగ్గ అంకెలు కొన్ని ఉన్నాయి. కొల్లేరును అభయారణ్యంగా నోటిఫై చేసిన 1999, అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చిన 2002, అభయారణ్యం విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. ఇవి మీరు లెక్క కట్టినవి కావు, రికార్డులోంచి తెచ్చుకున్నవి. వీటిని రాయండి, ఎక్కడి నుంచి తెచ్చారో పక్కనే చెప్పండి.

డేటా శుభ్రం చేయకండి

పాఠ్యపుస్తకాలు మొదటి అధ్యాయంలోనే డేటా శుభ్రం చేయమంటాయి. చేయండి, కానీ ఎక్సెల్ తెరిచి చేత్తో చేయకండి. తెచ్చిన ఫైలును తెచ్చినట్టే ఒక పక్కన పెట్టి, తాళం వేసినంత జాగ్రత్తగా ఉంచండి. ఏం మార్చాలన్నా పత్రంలో ఒక వరుసగా రాయండి: ఫలానా తేదీ ఫలానా విలువ తీసేశాను, ఎందుకంటే ఇదీ. చేత్తో చెరిపిన గడి తిరిగి రాదు, చెరిపిన కారణం కూడా మీతోనే పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది ఖాళీ గడిలో సున్నా పెట్టడం. ఆటపాక పక్షుల కేంద్రం తెలియనివాళ్లు మన ప్రాంతంలో ఉండరు. కైకలూరు దాటగానే పెలికాన్‌లు, ఎర్రకాళ్ల కొంగలు. ఆసియాలో నీటిపక్షులను లెక్కపెట్టే పని 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతోంది. అలాంటి లెక్కను పట్టికలో ఎక్కించేటప్పుడు ఒక ఏడు ఒక పక్షి దగ్గర గడి ఖాళీగా ఉందనుకోండి. ఆ పక్షి రాలేదా? వచ్చినా లెక్కపెట్టేవాడు ఆ పక్కకు వెళ్లలేదా? ఖాళీ అంటే "తెలియదు", సున్నా అంటే "వెళ్లి చూశాం, లేదు". ఎవరో పట్టిక అందంగా కనబడాలని ఖాళీల్లో సున్నాలు నింపితే, మీ గ్రాఫులో ఆ ఏడు పక్షుల జాతే కుప్పకూలినట్టు గీత పాతాళానికి పడుతుంది. ఖాళీని ఖాళీగానే ఉంచి, గీతను అక్కడ తెంపండి. తెగిన గీత చూడ్డానికి బాగోదు. అయినా నిజం అదే.

వాన తేదీలది ఇంకో కథ. ఒకసారి వాన కొలతలను ఒక చెరువు నీటిమట్టంతో జోడించి గ్రాఫు గీశాను. వాన కురవకముందే చెరువు నిండినట్టు వచ్చింది! రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తట్టింది. వాతావరణ శాఖ వర్షపాతాన్ని ఉదయం 8:30కి కొలుస్తుంది. ముందు రోజు 8:30 నుంచి ఈ రోజు 8:30 దాకా పడినదంతా ఈ రోజు తేదీ కింద రాస్తుంది. చెరువు పుస్తకంలో మట్టం సాయంత్రం రాసేవాళ్లు. బుడమేరు వాగు విజయవాడను ముంచిన రోజులనే తీసుకోండి. ఆగస్టు 31 ఉదయం నుంచి ఆ రాత్రంతా కురిసింది రికార్డులో 2024 సెప్టెంబరు 1 కింద పడుతుంది. బుడమేరు నీళ్లు చివరికి చేరేది కొల్లేటికే గనక, బుడమేరు వరదకూ కొల్లేటి మట్టానికీ మధ్య ఎన్ని గంటలో లెక్క కట్టాలనుకునేవాడు ఈ ఒక్క రోజు తేడా పట్టుకోకపోతే కథంతా తప్పుతుంది.

జిల్లాలు కూడా అంతే. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చింది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండి భీమవరం కిందికి వెళ్లింది. "పశ్చిమ గోదావరి" అనే పేరు ఆ తేదీకి ముందు ఒక నేల, ఆ తర్వాత ఇంకో నేల. పేరు చూసి పదేళ్ల గీత గీస్తే, 2022లో చేపల దిగుబడి ఒక్కసారిగా పడిపోయినట్టో పెరిగినట్టో కనిపిస్తుంది. మండలాల స్థాయి అంకెలు తెచ్చుకుని, మీరే కూడండి. ఆ కూడిక పత్రంలో కనబడాలి.

సగటు తీయకండి

రొయ్యల రైతుకు "కౌంట్" తెలియజెప్పక్కర్లేదు. కిలోకు ఎన్ని తూగుతాయో అది కౌంట్. 30 కౌంట్ అంటే కిలోకు 30, పెద్ద రొయ్య. 100 కౌంట్ అంటే చిన్నది. రేటు దీన్ని బట్టే ఉంటుంది. మా కుర్రాళ్లు చెరువుల పేజీ తయారు చేస్తూ ముందుగా చేసే పని కౌంట్లన్నీ కూడి సగటు తీయడం. ఒక చెరువులో సగం 30 కౌంట్, సగం 60 కౌంట్ ఉంటే సగటు 45 అని రాసేస్తారు.

"సగం" అంటే ఏమిటి అని అడగండి. బరువులో సగమైతే, కిలో 30వి, కిలో 60వి కలిపితే రెండు కిలోలకు 90 రొయ్యలు, అంటే 45 కౌంట్. సరే. కానీ చెరువులో ఉన్నవి లెక్కకు సగం సగం అయితే? 60 పెద్దవి రెండు కిలోలు తూగుతాయి, 60 చిన్నవి ఒక కిలో. మూడు కిలోలకు 120, అంటే 40 కౌంట్. అవే రొయ్యలు, అదే "సగం", 40కీ 45కీ తేడా వచ్చింది. రేటు పట్టికలో ఆ తేడాకు డబ్బుంది. కౌంట్ అనేది కిలోకు ఇన్ని అనే తిరగబడ్డ కొలత. దాన్ని నేరుగా సగటు తీస్తే ఏ బరువుతో తీశామో దాక్కుంటుంది. ఒక్కో రొయ్య ఎన్ని గ్రాములో రాసుకుని, గ్రాముల్లో లెక్క కట్టి, చివర్లో కౌంట్‌లోకి మార్చండి.

మీట పెట్టదగ్గ చోటు ఇదే. చెరువులో పెద్దవి ఎంత వంతు, చిన్నవి ఎంత వంతు అన్నదాన్ని ఒక మీటతో జరిపితే కౌంట్ ఎలా మారుతుందో కళ్లముందు కనబడుతుంది. దీన్ని మాటల్లో పది నిమిషాలు చెప్పినా ఎక్కనివాళ్లకి ఆ మీట అర నిమిషంలో ఎక్కించడం నేను చూశాను.

ఇక విసురు వల సంగతి. పట్టుబడికి ముందు సాంపిలింగ్ అని వల విసిరి తూకం వేస్తారు. ఆ వల ఎప్పుడూ గట్టు దగ్గరే, మేత వేసే చోటే పడుతుంది. అక్కడికి ముందుగా చేరేవి బలమైనవి. అందుకే సాంపిలింగ్‌లో వచ్చిన బరువు కన్నా పట్టుబడిలో వచ్చిన బరువు తక్కువగా ఉందని రైతులు వాపోతుంటారు. ఈ పక్షపాతాన్ని ఏ ఫార్ములా పోగొట్టదు. వల ఎక్కడెక్కడ ఎన్నిసార్లు విసిరారో పేజీలో రాయండి. ఒక్క అంకె ఇవ్వకుండా "ఇంత నుంచి ఇంత లోపు" అని ఇవ్వండి. రైతుకు హద్దులు అర్థం కావని కొందరు విద్యావంతులు అంటారు. మంచు పెట్టెల లారీ కోల్‌కతా చేరేలోపు రేటు ఎంత నుంచి ఎంతకు పడొచ్చో రోజూ బేరీజు వేసుకునే మనిషికి హద్దులు అర్థం కావంటే నేను ఒప్పుకోను.

మీటలు పీకేయండి

మా బావమరిదికి గణపవరం వైపు చెరువులున్నాయి. నేను మొదట తయారు చేసిన పేజీ ఆయన కోసమే. పదకొండు మీటలు, నాలుగు గ్రాఫులు, రంగులు మార్చుకునే సదుపాయం. ఎండలో గట్టు మీద నిలబడి ఫోను కళ్ల దగ్గర పెట్టుకుని రెండు నిమిషాలు అటూ ఇటూ జరిపి, "బావగారూ, ఇదంతా బానే ఉంది గానీ, ఈ రాత్రికి ఏరేటరు ఎన్నింటికి వెయ్యమంటారు?" అన్నాడు. పేజీలో అన్నీ ఉన్నాయి, నీటికి ఆక్సిజన్ అందించే ఆ యంత్రం ఎప్పుడు వెయ్యాలో, అదొక్కటీ లేదు.

పైగా నా గ్రాఫులో ఆక్సిజన్ ఎప్పుడూ బాగానే ఉంది. కారణం, నేను తీసుకున్న కొలతలన్నీ పగలు పదింటికి రాసినవి. చెరువులో నాచు పగలు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు కూడా ఆక్సిజన్ పీలుస్తుంది. అన్నిటికన్నా తక్కువగా ఉండేది తెల్లవారుజామున, పొద్దు పొడిచే ముందు. చేప పైకి తేలి నోరు తెరిచేది అప్పుడే. పది గంటల కొలతలతో ఎంత అందమైన గ్రాఫు గీసినా ఆ చావు అందులో కనబడదు. మబ్బు పట్టిన రోజు నాచు తక్కువ ఆక్సిజన్ ఇస్తుంది గనక ఆ రాత్రి ఇంకా ప్రమాదం.

రెండోసారి చేసిన పేజీలో ఒకటే మీట. సాయంత్రం కొలిచిన ఆక్సిజన్ ఎంతో అక్కడ పెడితే, ఆ చెరువులో గత రాత్రుల్లో ఎంత తగ్గిందో దాన్ని బట్టి, తెల్లారేసరికి ఎంత మిగలొచ్చో ఒక పట్టీలా చూపిస్తుంది. ఆయన దాన్ని రెండు పంటలు వాడాడు. కాబట్టి నా మాట వినండి. మీట పెట్టే ముందు చదివేవాళ్లు ఏ నిర్ణయం తీసుకోవాలో ఒక కాగితం మీద రాయండి. ఆ నిర్ణయాన్ని మార్చని మీట ప్రతిదాన్నీ తీసేయండి. మామూలుగా ఒకటో రెండో మిగులుతాయి. గ్రాఫు రంగు మార్చే మీట ఎవరి బతుకునూ మార్చదు.

ఇంటర్నెట్ లేదనుకునే రాయండి. కొల్లేటి లంకల్లో, చెరువు గట్ల మీద సిగ్నల్ ఉండీ లేకా ఉంటుంది. షైనీ లాంటి సాధనంతో చేసిన పేజీకి ఎక్కడో ఒక సర్వరు ఎప్పుడూ మేలుకుని ఉండాలి, అది పడుకుంటే పేజీ చచ్చినట్టే. వెబ్ఆర్, పయోడైడ్ వచ్చాక ఆర్‌నీ పైథాన్‌నీ బ్రౌజరులోనే నడపొచ్చు. అద్భుతమైన పని, కాదనను. కానీ మొదటిసారి తెరిచినప్పుడు ఆ సరంజామా అంతా ఫోనులోకి దిగాలి. మీ మీటకు ఇరవై స్థానాలే ఉంటే ఇరవై జవాబులూ ముందే లెక్క కట్టి పేజీలో పెట్టేయండి. మీట కేవలం వాటిలో ఒకదాన్ని చూపిస్తుంది. ఒకసారి వాట్సాప్‌లో పంపిన ఫైలు ఏ నెట్టూ లేకుండా గట్టు మీద తెరుచుకుంటుంది.

తెలుగులో రాయండి. గ్రాఫు అక్షాల మీద కూడా. ఆర్‌లో బొమ్మగా గీస్తే కొన్నిసార్లు వత్తులు పక్కకు జారి గుణింతాలు విడిపోతాయి. రాగ్ అనే ప్యాకేజీ వాడితే చాలావరకు కుదురుతుంది, లేదా అక్షరాలు గీసే పని బ్రౌజరుకే వదిలేయండి. "డిసాల్వ్‌డ్ ఆక్సిజన్" అన్నది గట్టు మీద "డీవో" అవుతుంది. పేజీలోనూ డీవో అనే రాయండి.

పటం గీయకండి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. కొల్లేరు పేరెత్తితే ప్రతి కుర్రాడికీ మీట ఉన్న పటం చేయాలనిపిస్తుంది. ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు జరిపితే సరస్సు ఎంత కుంచించుకుపోతుందో చూపించే పటం. కాంటూరంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, ఐదో కాంటూరంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు. కోరిక మంచిదే. ఈ ప్రాంతంలో సరస్సు హద్దు ఎక్కడన్న దానికన్నా పెద్ద తగవు లేదు. రామ్‌సర్ జాబితాలో ఉన్నది 90,100 హెక్టార్లు, పదో కాంటూరు దాకా. అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు, ఐదో కాంటూరు లోపల, అంటే అందులో మూడో వంతు. 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యం లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో అసెంబ్లీ హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. పి.ఎ. అజీజ్ నాయకత్వంలోని కమిటీ తగ్గించొద్దంది. ఐదుకీ మూడుకీ మధ్య ఉన్న ఆ రెండడుగుల మీద వేల కుటుంబాల బతుకు ఉంది, పక్షుల బతుకూ ఉంది.

రెండడుగులంటే 61 సెంటీమీటర్లు. మన కుర్రాడు పటానికి వాడేది ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా, 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడారుతో తీసినది. అందులో ఎత్తులు పూర్తి మీటర్లలో ఉంటాయి. మీటరంటే మూడడుగుల పైచిలుకు. మూడడుగులూ ఐదడుగులూ అందులో ఒకటి పక్కన ఒకటి, లేదా రెండూ ఒకే మెట్టు మీద. నిజమైన పొరపాటు ఇంకా ఎక్కువ, ఒక్కోచోట కొన్ని మీటర్లు. రాడారుకు గట్టూ, తూటుకాడా, నేలా అన్నీ ఒకటే. ఆ పటంలో మీట జరిపితే నీలం రంగు నున్నగా జరుగుతుంది, చూసినవాడు నమ్ముతాడు. తన పొలం నీలంలో ఉందో లేదో చూసుకుని ఒకడు ఏడుస్తాడు, ఒకడు సంబరపడతాడు. రెంటికీ ఆధారం లేదు.

మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన సి.ఆర్. రావు గారు 1945లో నిరూపించిన హద్దును ఇక్కడ గుర్తు తెచ్చుకోవాలి. పక్షపాతం లేని ఏ అంచనా అయినా, ఉన్న డేటా మోసుకొచ్చిన సమాచారానికి మించి కచ్చితం కాలేదు. ఎంత తెలివైన సూత్రం వాడినా ఆ గోడ దాటలేం. మీట గోడను దాటదు, గోడ ఉన్న సంగతిని మరిపిస్తుంది. 102 ఏళ్లు బతికి 2023లో కన్నుమూసిన ఆ పెద్దాయన పేరు చెప్పుకునే మనం ఆ గోడను గౌరవించాలి. భూమి మీద సర్వే చేసిన ఎత్తులు చేతికొచ్చేదాకా ఆ పటం పెట్టొద్దు.

ఉపగ్రహ చిత్రంలో నీళ్లు ఎక్కడున్నాయో చూపిస్తానని ఇంకొకరు వస్తారు. పచ్చ కాంతినీ పరారుణ కాంతినీ పోల్చి నీటిని పట్టే సూచిక ఒకటుంది, దాంతో. దేశంలో చాలా చెరువులకు అది బాగా పనిచేస్తుంది. కొల్లేరులో మాత్రం చేపల చెరువు నిండా నీళ్లుంటాయి, అసలు సరస్సు మీద గుర్రపుడెక్క పరుచుకుని ఉంటుంది. కంప్యూటరు చెరువును సరస్సంటుంది, సరస్సును పచ్చిక బయలంటుంది. పెద్దింట్లమ్మ గుడి దగ్గర దోనె ఎక్కినవాడెవడైనా ఆ పటం చూడగానే తప్పు చెబుతాడు. పటం గీసినవాడు మాత్రం దోనె ఎక్కలేదు. లెక్క రాసే ముందు ఒక రోజు కొల్లేటికి వెళ్లండి, ఏ గడి నీరో ఏ గడి డెక్కో యాభై చోట్ల కళ్లతో చూసి రాసుకోండి. ఆ యాభై చోట్లూ పేజీలో పెట్టండి. మీ సూచిక అందులో ఎన్నిటిని సరిగ్గా చెప్పిందో మొదటి వాక్యంలోనే చెప్పండి.

పూర్తయిందని చెప్పకండి

2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో ఏం జరిగిందో ఇక్కడివాళ్లు మర్చిపోలేదు. నడుస్తున్న మనుషులు మూర్ఛలొచ్చి పడిపోయారు. కొన్ని రోజుల్లో ఐదారు వందల మంది ఆసుపత్రికి వెళ్లారు. ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పింది. తర్వాత పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణమన్నారు. నీళ్లా, కూరగాయలా, గాలా అని వీధి వీధినా వాదులాట. ఒక్కో ల్యాబు ఫలితం ఒక్కో ముక్కగా టీవీలో వచ్చింది. ఎన్ని నమూనాలు పరీక్షించారు, ఏ రోజువి, ఎంత మోతాదు దాటితే "ఉంది" అంటారు అన్నవి చాలాసార్లు ఆ ఫలితాల వెంట రాలేదు.

అప్పుడు కావలసింది ఒకే పేజీ. ప్రతి ల్యాబు ఫలితమూ నమూనాల సంఖ్యతో, తేదీతో వచ్చి అందులో చేరుతూ ఉంటుంది. నిన్న చెప్పినది ఈ రోజు మారితే, నిన్నటిది చెరిపేయకుండా పక్కనే ఉంటుంది. గిట్ లాంటి సాధనంతో ప్రతి మార్పుకూ తేదీ పడుతుంది. పేజీ పైన "తుది నివేదిక" అని రాయకండి, "ఫలానా తేదీ దాకా" అని రాయండి. భయపడుతున్న ఊరికి నిన్నటి మాట ఎందుకు మారిందో చెప్పడం కూడా వైద్యంలో భాగమేనని నా నమ్మకం.

ఇంకొక్కటి. నెలకోసారి మీ పేజీని పూర్తిగా చెరిపేయండి. అసలు డేటా, లెక్కల ఫైలు రెండే మిగల్చండి. వాటిని మీది కాని కంప్యూటరులో, కాలేజీ ల్యాబులోనో స్నేహితుడి ల్యాప్‌టాప్‌లోనో పెట్టి మొదటి నుంచి నేయండి. అవే అంకెలు మళ్లీ వస్తే అది పత్రం. రాకపోతే మీ ల్యాప్‌టాప్‌లో ఎక్కడో ఒక ఫైలు, ఒక పాత ప్యాకేజీ, ఒక మర్చిపోయిన మెట్టు దాక్కుని ఉంది. యాదృచ్ఛిక అంకెలు వాడితే, ప్రతిసారీ అవే వచ్చేలా సీడ్ పెట్టడం మర్చిపోకండి, ప్యాకేజీల వెర్షన్లు చివర్లో అచ్చు వేయండి. నా మొదటి మూడు పేజీలూ ఈ పరీక్షలో తప్పాయి.

చివరిగా ఒక విన్నపం, ఇది కుర్రాళ్లకి కాదు, చెరువులున్న ఇళ్లకి. లీజు అయిపోగానే మీరు చెరువు పుస్తకాలు తూకానికి వేసేస్తారు. మేత సంచులు ఎన్ని వేశారో, డీవో ఎంతో, చేప ఎప్పుడు తేలిందో, పట్టుబడి ఎంతో నూనె మరకలతో, కొట్టివేతలతో సహా అందులో ఉంటుంది. కొల్లేటి చుట్టూ ముప్పై నలభై ఏళ్లలో నీళ్లు ఎలా మారాయో రోజువారీగా రాసిన మనుషులు మీరే. దయచేసి ఆ పుస్తకాలు అమ్మకండి. ప్రతి పేజీకీ ఫోనుతో ఒక ఫొటో తీసి, చెరువు ఎక్కడిదో, ఏ ఏడాదిదో మొదటి ఫొటో మీద రాసి, ఇంట్లో చదువుకునే పిల్లకో పిల్లాడికో ఇవ్వండి.